పిల్లల నొప్పి – పెద్దల మనోవైఖరి

మానవుని అనుభవాలలో నొప్పివలె ఒంటరియైనది మరొకటి లేదు. జ్వరాన్ని చేతితో తాకి తెలుసుకోవచ్చును. పుండును కంటితో చూడవచ్చును. ఆకలిని ముఖంలోనే పోల్చుకోవచ్చును. నొప్పి మాత్రం, పడుతున్నవాడు చెబితే తప్ప, పక్కనున్నవానికి తెలియదు. పెద్దవాడు తన నొప్పిని చెప్పగలడు. ఇంటివారు నమ్మకపోయినా తానే లేచి వైద్యుని వద్దకు వెళ్ళగలడు. పసివానికి ఈ రెండు దారులూ లేవు. వాని ఏడుపునకు అర్థం చెప్పేది తల్లి. ఆ అర్థాన్ని ఆసుపత్రి గడప దాటించేది తండ్రి. వారు నమ్మితే ఆ నొప్పికి చికిత్స ఉంటుంది. వారు నమ్మకపోతే లోకంలో ఎన్ని మందులున్నా ఆ బిడ్డకు లేనట్లే.

మూడు రోజులుండి పోయే జ్వరం విషయంలో ఈ మాటకు అంత బరువు లేదు. కాని కొందరు పిల్లల జబ్బు చుట్టపుచూపుగా వచ్చి పోయేది కాదు. ఇంటి మనిషివలె ఏళ్ళ తరబడి కాపురముండేది. అట్టి పిల్లల విషయంలో తల్లిదండ్రుల మనోవైఖరి జబ్బును పుట్టించదు గాని, ఆ జబ్బులోని నొప్పిని పెంచడానికీ తగ్గించడానికీ దానికి శక్తి ఉన్నదని మా అభిప్రాయం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుండీ, వాటి చుట్టుపక్కల పల్లెల నుండీ మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో కొందరి ఇండ్లలో అట్టి తమ్ముడో చెల్లెలో ఉన్నారు. కొందరు తామే అట్టివారు. అందుచేత ఇది వైద్యులకు మాత్రమే వదిలివేయదగిన విషయం కాదు.

దీర్ఘకాలపు నొప్పి ఉమ్మడి నల్లగొండ జిల్లావారికి కొత్త సంగతి కాదు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు చెడిపోయే వ్యాధిని మన దేశంలో మొదట వివరించి ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూచి. తరువాతి కాలంలో ఆ వ్యాధి పేరు చెప్పగానే నల్లగొండ గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. ఫ్లోరైడు ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే అవిటితనాన్ని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూరులోని నీరీ సంస్థవారు పెట్టిన పేరు కూడ నల్లగొండ పద్ధతియే. శుద్ధిచేసిన నదీజలాలు పల్లెలకు చేరిన తరువాత ఆ ముప్పు తగ్గింది. కాని ఆ కాలం మనకొక అలవాటును మిగిల్చి పోయింది. పిల్లవాడు కాళ్ళు పీకుతున్నాయంటే ‘నీళ్ళ గుణం’ అని సరిపెట్టుకోవడం, నడుము పట్టేసిందంటే ‘మన దిక్కు అందరికీ ఉన్నదే’ అని ఊరుకోవడం నేర్చుకున్నాము. ఊరందరికీ ఉన్న నొప్పి ఎవరికీ నొప్పిగా కనబడదు.

నేడు మన పిల్లలలో కనిపించే దీర్ఘవ్యాధులు వేరు. వాటిలో నొప్పి వచ్చే దారులను కొంచెం తెలుసుకొనుట అవసరం. సికిల్ సెల్ రక్తహీనతను 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ వివరించాడు. మన దేశంలో దాని ఉనికి 1952లో నీలగిరి గిరిజనులలో బయటపడింది. ఈ వ్యాధిలో గుండ్రని ఎర్ర రక్తకణం కొడవలివలె వంగి గట్టిపడి సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతుంది. రక్తం అందని చోట, ముఖ్యంగా ఎముకలలోను ఛాతీలోను కడుపులోను, భరింపరాని నొప్పి పుడుతుంది. పసివారికి చేతులు, పాదాలు వాచి నొప్పి పెట్టడం తరచుగా దాని మొదటి గుర్తు. నీళ్ళు తక్కువ తాగినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు అలసినా అది తిరగబెట్టవచ్చును. థలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. మొదటి రకం మధుమేహం ఉన్న బిడ్డకు రోజూ పలుమార్లు సూది తప్పదు. కీళ్ళవాతం ఉన్న బిడ్డ తెల్లవారి లేచేసరికి కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. హీమోఫీలియా ఉన్న బాలునికి చిన్న దెబ్బకే కీలులోపల రక్తం చేరుతుంది. ఒక జబ్బులో నొప్పి జబ్బునుండే వస్తుంది. మరొకదానిలో చికిత్సనుండి వస్తుంది. బిడ్డకు మాత్రం రెండూ ఒకటే.

పిల్లల నొప్పిని నమ్మకపోవడం చదువురానివారి లోపమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. పసికందుల నరాలు పూర్తిగా ఎదగవనీ, వారికి నొప్పి అంతగా తెలియదనీ వైద్యలోకమే చాలాకాలం నమ్మింది. 1980ల దాకా పెద్ద పెద్ద దేశాల ఆసుపత్రులలో కూడ పసికందులకు తగినంత నొప్పిమందు లేకుండ శస్త్రచికిత్సలు జరిగిన సందర్భాలున్నవి. భారత సంతతి వైద్యుడు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, హికీ అను మరొక వైద్యునితో కలిసి, 1987లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్రాసిన వ్యాసం ఆ నమ్మకపు పునాదిని కదిలించింది. నవజాత శిశువునకు నొప్పి తెలుస్తుందనీ, ఆ నొప్పి శరీరానికి కీడు చేస్తుందనీ ఆ పరిశోధనలు చూపినవి. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో చేసిన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, మాటలలో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేనట్లు కాదనీ, నొప్పి ఉన్నదని చెప్పినవాని మాటను మన్నించవలెననీ స్పష్టం చేసింది. ఎంతో చదివినవారికే ఇంతకాలం పట్టినప్పుడు, పొద్దంతా కూలిచేసి వచ్చిన తల్లిని నిందించడానికి మనకు నోరు రాదు. కాని తెలిసిన తరువాత ఆమెకు చెప్పకపోవడం మాత్రం తప్పే అవుతుంది.

తల్లిదండ్రుల మనోవైఖరులలో మేము మొదట పేర్కొనదలచినది నిరాకరణ. ‘ఏం గాదు బిడ్డా, ఓర్చుకో’ అనే మాట వినని పిల్లవాడు మన ప్రాంతంలో లేడు. ఆ మాటలో ప్రేమ లేదని మేము అనము. అందులో ప్రేమతో పాటు భయమున్నది, బీదతనమున్నది. మిర్యాలగూడలో బియ్యపు మిల్లు హమాలీకి బిడ్డను ఆసుపత్రికి తీసుకొనిపోవడమంటే ఆనాటి కూలి పోవడం. ‘నొప్పి లేదు’ అని నమ్మితే ఆ కూలి దక్కుతుంది. మనిషి మనస్సు తనకు అవసరమైనదానినే నమ్ముతుంది. మరి ఆ బిడ్డ ఏమి నేర్చుకుంటాడు? మొదట గట్టిగా ఏడుస్తాడు. వినకపోతే ఇంకా గట్టిగా ఏడుస్తాడు. అప్పటికీ వినకపోతే ఊరుకుంటాడు. ఇంటివారు ‘అలవాటైంది, ఇప్పుడు ఏడువడం లేదు’ అని సంతోషిస్తారు. అలవాటైనది నొప్పి కాదు. చెప్పి లాభం లేదన్న నిరాశ. ఆ తరువాత జ్వరంతో ఛాతీ నొప్పి వచ్చి ఊపిరాడని రోజున కూడ ఆ బిడ్డ నోరు విప్పడు. సికిల్ సెల్ వ్యాధిలో అది ప్రాణాంతకమైన ఘడియ. ఓర్పును మెచ్చుకొనుచు మనము ప్రమాదఘంటికను పగులగొట్టినవారమవుతాము.

మన ముస్లిము కుటుంబాలలో ఈ సందర్భంలో వినవచ్చే మాట సబర్. ఇది గొప్ప మాట. దీనిని తక్కువచేయుట మా ఉద్దేశం కాదు. కాని సబర్ అంటే మౌనమని ఎవరు చెప్పారు? సహనానికి ఆదర్శంగా మనము చెప్పుకొనే అయ్యూబ్ ప్రవక్త తన బాధను లోపలే దాచుకోలేదు. తనను బాధ పట్టుకున్నదని దైవానికి మొరపెట్టుకున్నాడు. కుమారుని ఎడబాటుకు యాఖూబ్ ప్రవక్త కండ్లు తెల్లబడునంతగా దుఃఖించాడు. మొరపెట్టుకొనుట సహనానికి విరుద్ధమైతే ఈ మహనీయులను సహనమూర్తులని ఎట్లా అంటాము? పైగా సబర్ అనేది ఎవరికి వారు తమకై ఎన్నుకోవలసిన గుణం. మూడేండ్ల పసివానిపై మనము మోపినప్పుడు అది వాని గుణం కాదు, మన సౌకర్యం. రాత్రంతా మేలుకొని బిడ్డను ఒడిలో పెట్టుకొనుట, మందు వేళ తప్పకుండుట, ఆసుపత్రి వరుసలో విసుగులేక నిలబడుట – పెద్దలకు సబర్ చూపదలచినవారికి చోటు కావలసినంత ఉన్నది.

నిరాకరణలో మరింత కఠినమైన రూపం ఆడపిల్లల విషయంలో కనిపిస్తుంది. కొడుకు జబ్బును పదిమందికి చెప్పి సలహా అడిగే తండ్రి, కూతురి జబ్బును పొరుగింటికి కూడ తెలియనీయడు. రేపు సంబంధాలు రావని వాని దిగులు. దానివలన ఆ పిల్ల నొప్పితోపాటు ఒక రహస్యాన్ని కూడ మోయవలసి వస్తుంది. చుట్టాల ముందు నవ్వాలి, పెండ్లిలో తోటిపిల్లలతో సమంగా పని చేయాలి, పాఠశాలలో కారణం చెప్పకుండ సెలవు పెట్టాలి. దాచిన జబ్బు నయం కాదన్నది అట్లుండగా, దాచవలసిన వస్తువును నేను అన్న భావం ఆ పిల్ల మనస్సులో నాటుకుంటుంది. ఏ మందూ దానిని తీయలేదు.

రెండవ వైఖరి దీనికి సరిగా ఎదురుది: అతిభయం. బిడ్డ ముఖం కొద్దిగా ముడుచుకోగానే తల్లి ముఖం తెల్లబడుతుంది. ‘నొప్పి వస్తున్నదా, ఎక్కడ, ఎంత’ అని గడియకొకసారి అడుగుతారు. బడి మాన్పిస్తారు, ఆట మాన్పిస్తారు, ఎండ తగలనీయరు, నీడ దాటనీయరు. నవమాసాలు మోసిన కడుపు అట్లా తల్లడిల్లడం సహజమే. కాని బిడ్డకు తన శరీరాన్ని గురించిన మొదటి పాఠ్యపుస్తకం తల్లి ముఖం. ఆ ముఖంలో భయం కనబడితే, లోపల ఏదో ఘోరం జరుగుతున్నదని వాడు గ్రహిస్తాడు. భయపడిన శరీరం బిగుసుకుంటుంది. బిగుసుకున్న శరీరంలో నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. దానిని చూచి తల్లి మరింత భయపడుతుంది. ఈ విధంగా గానుగెద్దువలె ఇద్దరూ ఒకే చోట తిరుగుతుంటారు.

దీనిని పరీక్షించి చూచినవారున్నారు. అమెరికాలో లిన్ వాకర్ అను పరిశోధకురాలు, ఆమె సహచరులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. తరచుగా కడుపునొప్పి వచ్చే పిల్లలకూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ కడుపు నిండి ఇబ్బంది కలిగేదాకా నీళ్ళు త్రాగించి, తల్లిదండ్రులను మూడు విధాలుగా విభజించారు. కొందరిని బిడ్డ బాధపైననే శ్రద్ధ చూపుమన్నారు. కొందరిని వేరే కబుర్లలో పెట్టుమన్నారు. కొందరికి ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పని జట్టుతో పోల్చితే, శ్రద్ధ చూపిన చోట పిల్లల ఫిర్యాదులు ఇంచుమించు రెట్టింపు అయినవి. కబుర్లలో పెట్టిన చోట సగానికి తగ్గినవి. ఇంకొక వింత: జబ్బు పిల్లలు తమకు మేలు చేసినది కబుర్లే అన్నారు, వారి తల్లిదండ్రులు మాత్రం కబుర్లలో పెట్టడంవలననే కీడు ఎక్కువ అనుకున్నారు. అయితే ఆ పిల్లలది అవయవ దోషం బయటపడని కడుపునొప్పి అని మరువరాదు. కొడవలి కణాలు నాళాన్ని అడ్డగించి తెచ్చిన నొప్పికి కబుర్లు మందుకు బదులు కానేరవు. మందుకు తోడు మాత్రమే కాగలవు. దీనినిబట్టి బిడ్డను పట్టించుకోవద్దని కాదు, బిడ్డను పట్టించుకొనుడు, నొప్పిచుట్టూ మాత్రమే తిరుగకుడు అని మేము గ్రహించినాము.

మూడవ వైఖరి నింద. ‘నీ పుట్టింటి జబ్బు’ అని కోడలిని అనడం, ‘నేను చేసిన పాపమే’ అని తల్లి కుమిలిపోవడం మనకు తెలియనివి కావు. థలసీమియా గాని సికిల్ సెల్ గాని తీవ్ర రూపంలో బిడ్డకు సంక్రమించాలంటే సాధారణంగా తల్లి నుండి ఒక దోషాంశం, తండ్రి నుండి ఒక దోషాంశం రెండూ రావలెను. ఇద్దరూ వాహకులైతే ప్రతి కానుపులోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇందులో ఒక్కరి తప్పు అన్న మాటకే తావులేదు. మేనరికాలు, పినతండ్రి పెదతండ్రి పిల్లల సంబంధాలు ఉన్న కుటుంబాలలో ఒకే దోషాంశం ఇరువైపులా ఉండే అవకాశం హెచ్చు గనుక, పెండ్లికి ముందు రక్తపరీక్ష చేయించుకొనుట వివేకం. నింద వలన బిడ్డకు జరిగే కీడు మరొకటి ఉన్నది. తన నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మానాన్నలు పోట్లాడుకుంటారని తెలిసిన బిడ్డ, ఆ పోట్లాట ఆపడానికై నొప్పిని దాచుకుంటాడు.

మొక్కుల సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఏటా జనవరిలో జరిగే జాన్‌పహాడ్ ఉర్సుకు మతభేదం లేకుండ జనం తరలివస్తారు. సూర్యాపేట వద్ద దురాజ్‌పల్లిలో రెండేండ్లకొకసారి జరిగే లింగమంతుల జాతరకు లక్షల మంది చేరుతారు. ఆ జనంలో బిడ్డను భుజాన వేసుకొని వచ్చినవారెందరో ఉంటారు. నమ్మకం తల్లికి ధైర్యమిస్తే, ఆ ధైర్యం బిడ్డకు చేరుతుంది. దానిని మేము కాదనము. మొక్కు మందును ఆపివేయనంతవరకు రెండింటికీ వైరం లేదు. ప్రయాణంలో బిడ్డకు నీళ్ళు తాపుచు, చలి తగులకుండ కప్పి, మందుసంచి వెంట తీసుకొని వెళ్ళవలెనన్నదే మా మనవి.

మరి తగిన వైఖరి ఏది? మొదటిది నమ్ముట. ‘నొప్పి’ అని బిడ్డ అన్నప్పుడు ‘నిజమా’ అని గాక ‘ఎట్లాంటిది’ అని అడుగవలెను. తెలుగు బోధకులముగా ఈ విషయంలో మేము ఒక సంగతి చెప్పగలము. మన భాషలో నొప్పికి ఒక్క మాట కాదు, ఒక కుటుంబమే ఉన్నది. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, పీకుడు వేరు, గుంజుడు వేరు, తిమ్మిరి వేరు. ఉర్దూలో కూడ దర్ద్, టీస్, జలన్, చుభన్, మరోడ్ ఒకటి కావు. కెనడాకు చెందిన రోనాల్డ్ మెల్జాక్ 1975లో ఇట్టి మాటలనే సేకరించి, వర్గాలుగా విభజించి నొప్పిని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశాడు. రోగి వాడే మాటను బట్టి నొప్పి స్వభావాన్ని వైద్యుడు ఊహించగలడు. మన ఇండ్లలో ఇబ్బంది ఏమంటే, బిడ్డ ఇంట్లో ఉర్దూలో చెబుతాడు, తల్లి ఆసుపత్రిలో వచ్చీరాని తెలుగులో చెబుతుంది, వైద్యుడు ఇంగ్లీషులో వ్రాసుకుంటాడు. మూడు గడపలు దాటేసరికి పోటు, మంట, సలుపు అన్నీ కలిసి ఒట్టి ‘నొప్పి’గా మిగులుతాయి.

రెండవది కొలుచుట. ఏడెనిమిదేండ్లు దాటిన బిడ్డ సున్న నుండి పది వరకు అంకెతో నొప్పిని చెప్పగలడు. అంతకంటె చిన్నవారికి నవ్వుముఖం నుండి ఏడుపుముఖం దాకా వరుసగా గీసిన బొమ్మలు చూపి ఏ ముఖమో వ్రేలు పెట్టుమనవచ్చును. మాటలు రాని పసివానికి ముఖం ముడుపు, కాళ్ళ కదలిక, ఏడుపు, ఊరడించితే ఊరుకొనుట – ఇవే గుర్తులు. పదిపైసల కాగితపు పుస్తకమైనా సరే, నొప్పి వచ్చిన వేళ, అంకె, ఇచ్చిన మందు, అది తగ్గిన వేళ వ్రాసిపెట్టితే, వైద్యుని ముందు తల్లి కన్నీటికన్న ఆ పుటకు ఎక్కువ బలం ఉంటుంది.

మూడవది మందును సకాలంలో ఇచ్చుట. నొప్పిమందులు అలవాటైపోతాయని భయపడి, బిడ్డ విలవిలలాడేదాకా ఆగి ఇచ్చేవారున్నారు. వైద్యుడు బరువును బట్టి చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇచ్చిన మందు వ్యసనం కాదు. ఆలస్యంగా ఇచ్చిన మందు మాత్రం సగం వ్యర్థం. దీనికి మరొక ప్రక్క, ఊరి ఆర్.ఎం.పి. చేత నొప్పి వచ్చినప్పుడల్లా ఏ మందో తెలియని సూది వేయించుట మరింత అపాయకరం. కొన్ని నొప్పిమందులు మూత్రపిండాలకు చేటు చేస్తాయి; దీర్ఘవ్యాధి ఉన్న బిడ్డకు ఆ చేటు రెట్టింపు.

సూది నొప్పిని గురించి కూడ ఒక మాట. నెలకు ఒకటి రెండుసార్లు రక్తం ఎక్కించుకొనే బిడ్డకు, రోజూ ఇన్సులిన్ తీసుకొనే బిడ్డకు సూది జీవితంలో భాగం. ‘సూది వేయరు, ఊరికే చూస్తారు’ అని అబద్ధం చెప్పి తీసుకొనిపోయి, నలుగురు కాళ్ళూ చేతులూ అదిమిపట్టి వేయించితే, ఆ బిడ్డ సూదిని మాత్రమే గాక అమ్మను కూడ నమ్మడం మానివేస్తాడు. నిజం చెప్పవలెను: ‘చురుక్కుమంటుంది, కొంచెంసేపటికి పోతుంది.’ పడుకోబెట్టి అదుముటకు బదులు ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకొనవలెను. బుడగలు ఊదించుట, గట్టిగా ఊపిరి వదలమనుట, లెక్క పెట్టించుట వంటివి చిన్నవే అయినా పనిచేస్తాయి. చర్మాన్ని మొద్దుబరచే పూతమందు ఉన్నది. వైద్యుని అడిగి వాడవచ్చును.

నాలుగవది, నొప్పి ఉన్నప్పటికీ జీవితాన్ని నడిపించుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో పిల్లల దీర్ఘకాలిక నొప్పిపై వెలువరించిన సూచనలలో మందును ఒక్కదానినే చెప్పలేదు. శరీర వ్యాయామాన్నీ, మనస్సుకు ఇచ్చే చికిత్సనూ దానితో సమంగా పేర్కొన్నది. బిడ్డ పూర్తిగా బాగైన తరువాత బడికి పంపుదామనుకుంటే, దీర్ఘవ్యాధిలో ఆ రోజు రాదు. తగ్గిన రోజున రెండు గంటలైనా బడికి పంపవలెను. పరుగెత్తలేనివానికి ఆటలో లెక్కలు వ్రాసే పనియైనా ఇవ్వవలెను.

ఇంత చెప్పగా కొందరు పెద్దలు, ‘మా కాలంలో ఇవన్నీ లేవు, మేము బ్రతుకలేదా’ అని అడుగుతారు. బ్రతికినవారే ఆ మాట అడుగగలరు, బ్రతుకనివారు అడుగలేరు. ‘ఇట్లా పెంచితే పిల్లలు సుకుమారులవుతారు’ అన్నది మరొక అభ్యంతరం. తన మాట నమ్మే మనిషి ఒకరున్నారన్న ధీమా కలిగిన బిడ్డయే నొప్పిని ఎక్కువ నిబ్బరంగా ఎదుర్కొంటాడని మా విశ్వాసం. ధైర్యం ఒంటరితనంలో మొలిచే మొక్క కాదు.

అయితే సమస్తభారమూ తల్లిదండ్రుల నెత్తిన వేయుట అన్యాయం. కోదాడ నుండి హైదరాబాదుకు ఇంచుమించు 180 కిలోమీటర్లు. బిడ్డతో రానుపోను బస్సు ఖర్చు, కూలి నష్టం, ఇంటి దగ్గర మిగిలిన పిల్లల ఆలనాపాలనా లెక్క వేస్తే, ‘ఓర్చుకో’ అన్న మాట ఎక్కడ పుడుతున్నదో అర్థమవుతుంది. సూర్యాపేటలోను నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. సికిల్ సెల్ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించు లక్ష్యంతో జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైనది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం థలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను కూడ తన పరిధిలో చేర్చింది. ఇవి ఉన్నవని తెలియనివారికి ఉన్నా లేనట్లే. తెలిసినవారు ఏమి చేయగలరో హైదరాబాదులో చూడవచ్చును. అక్కడి థలసీమియా, సికిల్ సెల్ సొసైటీని 1998లో నెలకొల్పినవారిలో ఆ జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులే ఉన్నారు. ఇంట్లో కూర్చుండి కుమిలితే నిందగా మిగిలిపోయే దుఃఖం, నలుగురితో కలిసినప్పుడు ఒక సంస్థగా నిలబడింది.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట్లో చదువుకున్న మొదటి తరం మీరే కావచ్చును. మీ అమ్మకు రాని తెలుగు మీకు వచ్చును. మీ నాయనకు చదువరాని మందుచీటీ మీరు చదువగలరు. తమ్మునికో చెల్లెలికో జబ్బు ఉన్నట్లయితే నెలకు ఒకనాడు వారి వెంట ఆసుపత్రికి వెళ్ళుడు. నొప్పి పుస్తకం మీరు వ్రాయుడు. ‘ఓర్చుకో’ అని పెద్దలు అన్నప్పుడు ఎదురు తిరిగి వాదించక, ‘ఎక్కడ, ఎట్లా ఉన్నదిరా’ అని మీరొక మాట అడుగుడు. జబ్బు ఉన్నది మీకే అయితే, దానిని దాచుకొనుటలో గొప్ప లేదు, చెప్పుకొనుటలో చిన్నతనమూ లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి నాలుగు మాటలు. దీర్ఘవ్యాధి ఉన్న విద్యార్థి వైద్యుని పత్రం చూపినప్పుడు, ఆసుపత్రి రోజులను హాజరు లోటుగా లెక్కింపరాదు. ఆనాటి పాఠాలు ఇంటికి అందే ఏర్పాటు ఉండవలెను. తరగతిలోను పరీక్షలోను అట్టి విద్యార్థి నీళ్ళు త్రాగుటకు, మందు వేసుకొనుటకు, బయటకు వెళ్ళివచ్చుటకు ప్రత్యేకంగా బ్రతిమాలుకొనే అవసరం రాకూడదు. ఏటా ఒకసారి ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులను పిలిపించి, ఇష్టమున్న విద్యార్థులకు రక్తపరీక్ష చేయించి, ఫలితాన్ని గుట్టుగా వారికే తెలుపవలెను. నాలుగవది మా శాఖకు సంబంధించినది: తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి నొప్పిమాటలను రెండు భాషలలో ఎదురెదురుగా, ముఖాల బొమ్మలతో సహా ఒక్క కాగితం మీద అచ్చువేయవలెను. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు దానిని మూడు పట్టణాల ఆసుపత్రులలోను పల్లెలలోను పంచవచ్చును. దానికి అయ్యే ఖర్చు వార్షికోత్సవపు పందిరి ఖర్చులో ఒక చిన్న వంతు కూడ కాదు.

దీర్ఘవ్యాధిని మాన్పుట అన్నివేళలా మన చేతిలో లేదు. దానివలన కలిగే నొప్పి అంతా కూడ మన చేతిలో లేదు. కాని నొప్పితో వెలిగిపోవలసిన బాల్యం ఆరిపోకుండ అడ్డుపెట్టే రెండు చేతులు మాత్రం మనవే. బిడ్డ చెప్పినది వినుట, విన్నది నమ్ముట, నమ్మినది వైద్యునికి చేర్చుట – ఈ మూడింటికీ డబ్బు అక్కరలేదు. వీటిని నేర్చిన ఇంట్లో నొప్పి ఉన్నా, బిడ్డ దానితో ఒంటరిగా ఉండడు.